లెక్క రాసేవాళ్ళకు మనం ఏం నేర్పుతున్నాం?

(స్త్రీల ఆరోగ్య హక్కులపై పనిచేస్తున్న కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



క్యాన్సర్ పరిశోధకులకు శిక్షణ ఇవ్వడం గురించి నేను మాట్లాడతానని కార్యక్రమ పత్రంలో చూసి, ఈ సదస్సుకూ దానికీ సంబంధం ఏమిటని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. అది డాక్టర్ల వ్యవహారం, గణాంకాలవాళ్ళ వ్యవహారం కదా అని. కానీ ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీ మండలంలో ఆరోగ్య సర్వే ఏది జరిగినా మొదట ఎవరి దగ్గరికి వస్తున్నారు? మీ దగ్గరికే. "మీరు చెప్తే ఆడవాళ్ళు వస్తారమ్మా, ఒక యాభై మందిని పోగెయ్యండి" అంటారు. మీరు ఇల్లిల్లూ తిరిగి కూలి పోకుండా సాయంత్రం పూట పోగేస్తారు. వాళ్ళు ఫారాలు నింపుకుని, రక్తం తీసుకుని వెళ్ళిపోతారు. ఆ ఫారాల్లో ఏం రాశారో, తర్వాత అవి ఏమయ్యాయో మీకు తెలియదు, ఆ యాభై మందికీ తెలియదు. కాబట్టి ఆ ఫారం పట్టుకుని వచ్చిన అమ్మాయికి ఎవరు ఏం నేర్పి పంపారన్నది మనం పట్టించుకోవలసిన విషయమే.

ఊళ్ళు తిరిగి వివరాలు సేకరించే క్షేత్ర పరిశోధకులకు, మెడికల్ కాలేజీల నుంచి వచ్చే యువ డాక్టర్లకు నేను చాలా ఏళ్ళుగా క్యాన్సర్ ఎపిడెమియాలజీ తరగతులు చెబుతున్నాను. ఎపిడెమియాలజీ అన్న మాటకు మన నిఘంటువుల్లో చూస్తే 'సాంక్రమిక వ్యాధుల శాస్త్రం' అని కనిపిస్తుంది. సాంక్రమికమంటే అంటుకునేది. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. ఈ అనువాదం చేసిన అన్యాయం చిన్నది కాదు. ఒక ఊళ్ళో మా బృందం వెళ్ళొచ్చాక "అంటువ్యాధుల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు" అన్న మాట పుట్టి, రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒకామెకు ఇంట్లో కంచం, గ్లాసు వేరు చేశారు. అందుకని నేను తరగతిలో 'జబ్బుల లెక్కల శాస్త్రం' అంటాను. ఏ జబ్బు, ఎవరికి, ఎక్కడ, ఏ వయసులో, ఎంతమందికి వస్తోంది, ఎవరికి రావడం లేదు, ఆ తేడా ఎందుకొచ్చింది. శాస్త్రమంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది. వీటిలో 'ఎవరికి రావడం లేదు' అన్నదే అసలైన ప్రశ్న. జబ్బు వచ్చినవాళ్ళను ఎంతమందిని చూసినా, రానివాళ్ళతో పోల్చకపోతే కారణం దొరకదు.

ఆ పోలికను పద్ధతి ప్రకారం చేసి చూపించింది ఒక స్త్రీ. బ్రిటన్‌కు చెందిన జానెట్ లేన్-క్లేపన్. 1926లో ఆమె ఆరోగ్య మంత్రిత్వ శాఖకు ఒక నివేదిక ఇచ్చింది. రొమ్ము క్యాన్సర్ ఉన్న 500 మంది స్త్రీలను, లేని 500 మంది స్త్రీలను తీసుకుని పెళ్ళి, కాన్పులు, పిల్లలకు పాలివ్వడం వంటివన్నీ ఇద్దరినీ ఒకే తీరున అడిగింది. పిల్లలు లేనివాళ్ళకు, తక్కువ మంది ఉన్నవాళ్ళకు, ఆలస్యంగా పెళ్ళయినవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువగా వస్తోందని చూపించింది. ఈ రోజుకీ రొమ్ము క్యాన్సర్ పాఠాల్లో ఆ విషయాలే చెబుతున్నాం. ఆమె మాత్రం 1929లో పెళ్ళి చేసుకుంది. పెళ్ళయిన ఆడవాళ్ళు ప్రభుత్వోద్యోగంలో ఉండకూడదన్నది అప్పటి అక్కడి నిబంధన. ఆమె పరిశోధన అంతటితో ఆగిపోయింది. మా పాఠ్యపుస్తకాలు చాలావరకు 1950లో డాల్, హిల్ అనే ఇద్దరు చేసిన పొగాకు పరిశోధనతోనే మొదలవుతాయి. అది గొప్ప పరిశోధనే, కాదనను. ఆ డాలే 1951లో బ్రిటిష్ డాక్టర్లందరికీ ఉత్తరాలు రాసి వాళ్ళ పొగతాగే అలవాటును, మరణాలను ఏళ్ళ తరబడి లెక్కించాడు. జవాబిచ్చిన వాళ్ళలో ఆరు వేల మందికి పైగా మహిళా డాక్టర్లున్నారు. మగ డాక్టర్ల ఫలితాలు 1954 నుంచే వస్తూ ఉంటే, మహిళా డాక్టర్ల మీద విడిగా వ్యాసం రావడానికి 1980 దాకా పట్టింది. దీని మీద నేనేమీ వ్యాఖ్యానించను. తరగతిలో ఈ రెండు తేదీలూ బోర్డు మీద రాసి ఊరుకుంటాను.

ఇంకొకామె గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆమె పనిలో మనకు పాఠం ఉంది. ఆలిస్ స్టూవర్ట్. 1950లలో బ్రిటన్‌లో చిన్నపిల్లలు రక్తక్యాన్సర్‌తో చనిపోవడం పెరుగుతోంది. కారణం ఎవరికీ తెలియదు. "తల్లులను అడుగుదాం, వాళ్ళకు ఏదో గుర్తుండి తీరుతుంది" అన్నది ఆమె ఆలోచన. ఆమెకు దొరికిన చిన్న గ్రాంటు లేడీ టాటా స్మారక నిధి నుంచి వచ్చింది. 1931లో రక్తక్యాన్సర్‌తో చనిపోయిన మెహర్‌బాయి టాటా పేరున పెట్టిన నిధి అది. చనిపోయిన పిల్లల తల్లులను, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులను ఒకే ప్రశ్నలు అడిగించింది. కడుపుతో ఉన్నప్పుడు ఎక్స్‌రే తీశారా అన్నది వాటిలో ఒకటి. చనిపోయిన పిల్లల తల్లుల్లో ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ళు దాదాపు రెట్టింపు మంది తేలారు. 1956లో ఆమె ఈ విషయం ప్రకటించగానే, "బిడ్డ పోయిన తల్లి ప్రతి చిన్న సంగతీ తవ్వుకుంటుంది, బిడ్డ బతికి ఉన్న తల్లి మరిచిపోతుంది, ఆడవాళ్ళ జ్ఞాపకాలను పట్టుకుని శాస్త్రమంటారా" అని కొట్టిపారేశారు.

ఇక్కడ నేను విద్యార్థులను ఆపి అడుగుతాను, ఈ అభ్యంతరం తప్పా ఒప్పా అని. ఆవేశంగా తప్పే అంటారు. కాదు. అది న్యాయమైన ప్రశ్న. దుఃఖంలో ఉన్న మనిషి జ్ఞాపకం, సుఖంగా ఉన్న మనిషి జ్ఞాపకం ఒకలా పనిచేయవు. ప్రశ్న న్యాయమైనదే గాని, దాన్ని అడ్డం పెట్టుకుని ఊరుకోవడం న్యాయం కాదు. 1962లో అమెరికాలో బ్రయన్ మెక్‌మాన్ తల్లులను అడగకుండా ఆసుపత్రుల్లో అప్పటికే రాసి ఉన్న ఎక్స్‌రే రికార్డులే తీసి చూశాడు. అక్కడా ఎక్స్‌రే తీసిన వాళ్ళ పిల్లల్లోనే క్యాన్సర్ మరణాలు ఎక్కువ. తల్లులు చెప్పింది నిజమేనని తేలింది. అయినా గర్భిణులకు ఎక్స్‌రేలు తగ్గడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరప్రాంతాల నుంచి వచ్చిన మిత్రులకు అడ్డపొగ గురించి నేను చెప్పక్కర్లేదు. చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. ఎందుకలా అంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. గాలికి ఆరిపోదని ఒకరు, బూడిద కింద పడదని ఒకరు, మా అమ్మ ఇలాగే కాల్చేది అని చాలామంది. నిప్పు సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. అందుకే మిగతా ప్రపంచంలో అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ అక్కడ కనిపించింది. 1960ల చివర్లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ దంత విభాగం వాళ్ళు, డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్ అనే ప్రొఫెసరుతో కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని ఇంటింటికీ వెళ్ళి నోరు తెరిపించి చూశారు. ఆ వివరాలు 1971లో అచ్చయ్యాయి. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ అలవాటున్నట్టు తేలింది. తర్వాత శ్రీకాకుళంతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో కలిపి 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్ళను ఎంచుకుని, మానమని నచ్చజెబుతూ ఏటేటా నోళ్ళు పరీక్షిస్తూ వచ్చారు. చెబితే కొందరైనా మానతారని, మానిన వాళ్ళలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గుతాయని 1986లో ప్రకటించారు. ఊరివాళ్ళతో మాట్లాడటం కూడా వైద్యమేనని లెక్కలతో చూపించిన పని అది.

దీన్ని నేను శిక్షణలో ఎలా వాడతానో చెబుతాను. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 1965లో ఏర్పడిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేస్తుంది, మన వంటి దేశాల పరిశోధకులకు వేసవి తరగతులు కూడా నడుపుతుంది. మంచి తరగతులే. కానీ అక్కడి నుంచి గానీ ఢిల్లీ నుంచి గానీ వచ్చే ప్రశ్నపత్రంలో "మీరు పొగ తాగుతారా? రోజుకు ఎన్ని సిగరెట్లు?" అని ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి మార్చుకుని మా అమ్మాయి ఒక బెస్త గ్రామానికి వెళ్ళింది. డెబ్బై ఏళ్ళ ముసలామెను అడిగితే "నాను పొగ తాగనమ్మా" అంది. ఫారంలో 'లేదు' దగ్గర గీత పడింది. ఆ ముసలామె కొంగుముడిలో చుట్ట ఉంది. పక్కనున్న కోడలు నవ్వితే, "సుట్ట కాల్సుకోడం పొగతాగడమేటి?" అని ఆమె ఎదురడిగింది. ఆమె అబద్ధం చెప్పలేదు. పొగతాగడమంటే మగవాళ్ళు సిగరెట్ తాగడం, అంతే ఆమె భాషలో. ఇలాంటి 'లేదు'లు వెయ్యి పోగైతే, శ్రీకాకుళం ఆడవాళ్ళకు పొగాకు అలవాటు లేకుండానే అంగిలి క్యాన్సర్ వస్తోందని కంప్యూటరు చెబుతుంది. అందుకని ప్రశ్నపత్రం అచ్చువేసే ముందు నెల రోజులు ఊళ్ళో తిరిగి మాటలు ఏరుకు రండి అంటాను. ఆ నెల రోజులకు డబ్బిచ్చే ప్రాజెక్టులు తక్కువ.

వృత్తి అన్న గడి ఇంకో కథ. నిజామాబాద్, కరీంనగర్ వైపు ఆసుపత్రి కేసు షీట్లు తీసి చూడండి. ఆడవాళ్ళ పేర్ల పక్కన వరసగా 'గృహిణి', 'గృహిణి', 'గృహిణి'. ఆ చేతులు ముప్పై ఏళ్ళుగా తునికాకు కత్తిరించి బీడీలు చుడుతున్నాయి. పొగాకు పొడి ఆ ఇంట్లోనే, ఆ చంటిపిల్ల పక్కనే ఉంటుంది. బీడీ తాగేవాడికి ఏమవుతుందో ప్రపంచానికి తెలుసు. చుట్టే ఆమెకు ఏమవుతుందో తెలియాలంటే ముందు ఆమె బీడీ కార్మికురాలని ఎవరో ఒకరు రాయాలి. పత్తి చేలో మందు కొట్టిన రోజుల్లో కలుపు తీసే స్త్రీ కూడా అంతే. ఆమె కూలిని 'భర్తకు సాయం' అని రాసే అలవాటు జనాభా లెక్కల నుంచి వచ్చింది. స్త్రీల శ్రమను గుర్తించమని మనం దశాబ్దాలుగా అంటున్న మాట వేతనాల కోసం మాత్రమే కాదు. ఆ శ్రమ రాతలో లేకపోతే దానివల్ల వచ్చిన జబ్బూ రాతలో ఉండదు, నష్టపరిహారం అడగడానికి ఆధారం అంతకన్నా ఉండదు. మా తరగతిలో మొదటి రోజు అభ్యాసం ఇదే: ఒక ఇల్లాలిని పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఏం చేసిందో అడిగి రాయాలి, 'ఇంటిపని' అన్న మాట వాడకూడదు.

గర్భసంచి ఆపరేషన్ల విషయం మీరు నాకన్నా బాగా ఎరుగుదురు. నడుం నొప్పి, తెల్లబట్ట అని వెళ్ళిన ముప్పై అయిదేళ్ళ మనిషికి "ఉంచుకుంటే క్యాన్సరవుతుంది" అని చెప్పి తీసేయడం మన రెండు రాష్ట్రాల్లో ఎంత మామూలైపోయిందో చూస్తున్నాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టి తీసినవి వీటిలో ఎన్నో ఎవరూ లెక్క కట్టలేదు. క్యాన్సర్ లెక్కలవాళ్ళు ఈ విషయాన్ని చాలాకాలం తమది కాదనుకున్నారు. కానీ చూడండి, చిన్న కూడిక తీసివేత. ఒక చోట పదివేల మంది స్త్రీలున్నారు, ఎనిమిది మందికి గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ వచ్చిందనుకుందాం. లక్షకు 80 అని రాస్తాం. ఆ పదివేలలో రెండు వేల మందికి గర్భసంచి, ముఖద్వారం రెండూ లేవు. లేని అవయవానికి క్యాన్సర్ రాదు కదా. అసలు భాగించాల్సింది ఎనిమిది వేలతో. అప్పుడు లక్షకు 100. జబ్బు తగ్గిందని మనం సంతోషిస్తున్న చోట నిజానికి అవయవాలు తగ్గి ఉండొచ్చు.

ఇది కనిపెట్టడానికి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే అనిపిస్తుంది గాని, అదీ అంత తేలిక కాదు. "ఆపరేషన్ అయిందా?" అంటే మన ఊళ్ళో ఎవరైనా పిల్లల ఆపరేషన్ అనుకుని అయిందంటారు. దాన్నీ గర్భసంచి తీయడాన్నీ విడివిడిగా అడగాలి. తీసినప్పుడు ముఖద్వారం కూడా తీశారా, ఉంచారా? ఆమెకు ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితం మేనమామ కొడుకు దగ్గర ఎక్కడో ఉంటుంది. ఇంకోటి, ఈ ప్రశ్న అత్తగారి ముందు, మగ పరిశోధకుడు అడిగితే జవాబు రాదు. వచ్చినా నిజం రాదు. ఇదంతా శిక్షణే. కానీ శిక్షణ అనగానే మన సంస్థల్లో సాఫ్ట్‌వేర్ నేర్పడం అనుకుంటారు.

వయసు, పేరు, ఊరు. మా లెక్కలకు ఇవి మూడు కాళ్ళు. క్యాన్సర్ వయసుతో పెరిగే జబ్బు కాబట్టి, ముసలివాళ్ళు ఎక్కువున్న చోటును పడుచువాళ్ళు ఎక్కువున్న చోటుతో నేరుగా పోల్చకూడదు, వయసును సరిచేసి పోల్చాలి. వయసు తెలియని మనిషిని ఏం చేస్తారు? "రాసెయ్ యాభై" అనడం ఆనవాయితీ. మా ఫారాల్లో యాభై, అరవై దగ్గర మనుషులు గుట్టలు పడి ఉంటారు, నలభై తొమ్మిది దగ్గర ఎవరూ ఉండరు. మేం దివిసీమ ఉప్పెన (1977), రామారావు ముఖ్యమంత్రి అయిన ఏడు (1983), ఇందిరమ్మ పోయిన ఏడు (1984) ఇలా ఒక పట్టిక ఇస్తాం. "ఉప్పెనప్పుడు నీకు పెళ్ళయిందా? చంకలో పిల్ల ఉందా?" అంటే వయసు రెండేళ్ళు అటూ ఇటూగా దొరుకుతుంది. పేరు సంగతి ఇంకా తమాషా. పుట్టింట్లో లక్ష్మి, అత్తింట్లో లక్ష్మమ్మ, ఆధార్‌లో నాగలక్ష్మి, ఆసుపత్రిలో 'వెంకటేశ్వర్లు భార్య'. ఒకే మనిషి రెండు ఆసుపత్రులకు వెళ్తే ఇద్దరవుతుంది. లేకపోతే ఇద్దరు లక్ష్ములు ఒకరైపోతారు. పైగా రిజిస్ట్రీ నియమం ఏమిటంటే, ఆ ప్రాంతంలో కనీసం ఏడాది కాపురమున్న వాళ్ళనే ఆ లెక్కలో చేర్చాలి. జబ్బు రాగానే "మీ అమ్మావాళ్ళే చూపించుకోమను" అని పుట్టింటికి పంపేస్తారే, ఆమె ఏ ఊరి లెక్క? శ్రద్ధ లేని చోట ఏ ఊరి లెక్కలోనూ ఉండదు.

మన దేశంలో జనాభా ఆధారిత మొదటి క్యాన్సర్ రిజిస్ట్రీ 1963లో బొంబాయిలో పెట్టారు. భారత వైద్య పరిశోధనా మండలి జాతీయ కార్యక్రమం 1981 చివర్లో మొదలైంది. అన్నీ నగరాలే. పల్లెలో ఆసుపత్రికే రాని మనుషుల్ని ఎలా లెక్కిస్తారు? 1987లో మహారాష్ట్రలోని బార్శీలో దానికి దారి వెతికారు. కస్తూరి జయంత్ గారు, వారి సహచరులు. రికార్డుల కోసం ఎదురు చూడకుండా పరిశోధకులు ఊరూరా తిరిగి, గ్రామసభలు పెట్టి, ఫలానా లక్షణాలున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఉన్నవాళ్ళను ఆసుపత్రికి చేర్చేవారు. అలా తిరగడంతో లెక్క రావడమే కాదు, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌తో వచ్చేవాళ్ళు ముందు దశల్లోనే రావడం మొదలైందని 1995లో వాళ్ళే ప్రచురించారు. మన హైదరాబాద్ రిజిస్ట్రీ చాలా ఆలస్యంగా వచ్చింది. 2020లో వచ్చిన జాతీయ నివేదికలో చూస్తే రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలోకీ హైదరాబాద్ జిల్లాలోనే ఎక్కువ, వయసు సరిచేశాక లక్ష మంది స్త్రీలకు 48. ఈ అంకె చేతిలో ఉంటే రొమ్ము క్యాన్సర్ చికిత్సకు బడ్జెట్ ఎంతని అడగొచ్చు. శ్రీకాకుళానికో ఆదిలాబాద్‌కో ఏం అడగాలన్నా చేతిలో అంకె లేదు.

ఇంతవరకు చెప్పింది సరిగ్గా లెక్కించడం గురించి. ఎవరి అనుమతితో లెక్కిస్తున్నామన్నది ఇంకా చెప్పలేదు.

ఖమ్మం సంగతి ఈ గదిలో చాలామందికి తెలుసు. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. చాలామంది ఆశ్రమ పాఠశాలల గిరిజన పిల్లలు. మహిళా సంఘాలు వెళ్ళి విచారించి బయటపెట్టాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో ఉంది: పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవి. ఖమ్మంలోనూ గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు ఆ కాలంలో చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చెప్పింది. దాన్ని పక్కన పెట్టి మాట్లాడుతున్నాను. టీకా పనిచేస్తుందా అన్నది కూడా వేరే ప్రశ్న. పనిచేస్తుంది. చిన్న వయసులో వేయించుకున్న వాళ్ళలో ఈ క్యాన్సర్ బాగా తగ్గిందని 2020లో స్వీడన్ నుంచి గట్టి రుజువు వచ్చింది. మంచి టీకా అయినంత మాత్రాన పద్నాలుగేళ్ళ కోయ పిల్ల తరఫున వార్డెన్ సంతకం చెల్లుతుందా? ఆ పత్రాలు పట్టుకుని తిరిగిన సిబ్బందికి, 'తల్లి లేదా తండ్రి సంతకం' అన్న గీత ఎందుకుందో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే కనీసం కొందరైనా ప్రశ్నించేవాళ్ళని నా నమ్మకం.

రెండోది అప్పటి ఉస్మానాబాద్, ఇప్పటి ధారాశివ్ జిల్లాలో జరిగింది. 30 నుంచి 59 ఏళ్ళ స్త్రీలు లక్షా ముప్పై వేల మందిని ఊళ్ళవారీగా నాలుగు భాగాలు చేశారు. మూడు భాగాలకు మూడు రకాల పరీక్షలు, నాలుగో భాగానికి పరీక్ష లేదు, మామూలుగా దొరికే వైద్యమే. 2009లో ఫలితాలు వచ్చాయి. హెచ్‌పీవీ పరీక్ష చేసిన 34,126 మందిలో ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు 34 మంది. పరీక్ష చేయని 31,488 మందిలో 64 మంది. ఒక్కసారి చేసిన పరీక్షతో మరణాలు సగానికి తగ్గాయని ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆ 64 మంది సంగతి ఏమిటని కొందరు అడిగారు. పరీక్షలవల్ల ఈ మరణాలు తగ్గుతాయని ధనిక దేశాల్లో అప్పటికే తెలుసు కదా అన్నారు. చేసినవాళ్ళ సమాధానం: ఆ ఊళ్ళలో అసలు ఏ పరీక్షా లేదు, మేం రాకపోయినా వాళ్ళకు దొరికేది అదే, మాలాంటి దేశంలో ఏ పరీక్ష పనికొస్తుందో రుజువు లేకుండా ప్రభుత్వం డబ్బు పెట్టదు. ఈ సమాధానంలో కొంత నిజముందని ఒప్పుకుంటాను. కానీ పేదరికాన్నే 'మామూలు వైద్యం' అని పేరు పెట్టి పోలికకు వాడుకోవడం నాకు మింగుడు పడదు. పైగా రుజువు వచ్చాక ఏమైంది? 2019-21 సర్వేలో దేశం మొత్తం మీద 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. ప్రాణాలు పోయి రుజువు వచ్చింది, ఆ రుజువు చూపించి ఎవరూ డబ్బు పెట్టలేదు. నా విద్యార్థుల్లో ఉస్మానాబాద్ పరిశోధన సరైనదనేవాళ్ళూ ఉన్నారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. కొట్లాడుకోనిస్తాను. ఆ కొట్లాట లేకుండా పట్టా పుచ్చుకోవడం మాత్రం ఒప్పుకోను.

ఎవరికి శిక్షణ దొరుకుతోందన్నది కూడా చూడాలి. ఊళ్ళో ఎండలో తిరిగేది పదో తరగతి, ఇంటర్ చదివిన ఆడపిల్లలు, ఆశా కార్యకర్తలు. కొన్ని సర్వేల్లో ఫారానికి ఇంతని కూలి. మూడు రోజుల శిక్షణ, ఒక సంచి, ఒక గుర్తింపు కార్డు. లియాన్‌కు, బొంబాయికి వెళ్ళేది మెడికల్ కాలేజీ డాక్టర్లు. వ్యాసం మీద పేరూ వాళ్ళదే. కానీ బొంబాయి మురికివాడల్లో పదో తరగతి చదివిన స్త్రీలకు కొద్ది వారాలు నేర్పి, ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే మన వినిగర్ లాంటిదే, పూసి తెల్లమచ్చ వస్తుందేమో చూసే పని అప్పగిస్తే, ఆ పరీక్షవల్ల మరణాలు నూటికి 31 వంతులు తగ్గాయని 2014లో ప్రచురించారు. అక్కడా పరీక్ష లేని వర్గం ఉంది, అదే విమర్శ దానికీ ఉంది. అది మరిచిపోకుండానే చెబుతున్నాను, ఆ స్త్రీల చేతికి పని వచ్చింది. చేతికి పని వచ్చినవాళ్ళకు ప్రశ్న వేయడం నేర్పడానికి అభ్యంతరమేమిటి?

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, అవి చెప్పి ఆపేస్తాను. మందుల మీద, టీకాల మీద జరిగే ప్రయోగాలన్నీ 2009 జూన్ నుంచి జాతీయ రిజిస్ట్రీలో ముందుగా నమోదు కావాలి. అది ఎవరైనా చూడొచ్చు. మీ జిల్లా పేరు వెతకండి. పరిశోధనలకు అనుమతిచ్చే నైతిక సంఘాల్లో సగం మంది ఆ సంస్థకు బయటివాళ్ళు ఉండాలని, వైద్యంతో సంబంధం లేని సామాన్య వ్యక్తి ఒకరు ఉండాలని 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ కుర్చీలో సాధారణంగా డీన్ గారి స్నేహితుడైన రిటైర్డు ఉద్యోగి కూర్చుంటాడు. మీలో ఒకరు ఎందుకు కూర్చోకూడదని ఉత్తరం రాయండి. నేను రాయించిన చోట ఒకటి రెండు సంస్థలు పిలిచాయి కూడా. ఇక మీ ఊరికి సర్వే వచ్చినప్పుడు, యాభై మందిని పోగేసే ముందు తెలుగు ఫారం చేతికివ్వమనండి. వద్దన్న మనిషికి వైద్యం ఆగదని రాతలో ఉందా చూడండి. పరీక్షలో ఏదైనా తేలితే ఆమెను ఏ ఆసుపత్రికి, ఎవరి ఖర్చుతో పంపుతారో అడగండి. ఫలితాలు ఊరికి ఎప్పుడు వచ్చి చెబుతారో తేదీ వేయించుకోండి.

మీ ఫైళ్ళలో ఒక నమూనా ఫారం పెట్టించాను, ఎనిమిది పేజీలది. రాబోయే బృందానికి మేం వాడబోయేది. మూడో పేజీలో వృత్తి, అయిదో పేజీలో ఆపరేషన్ల ప్రశ్నలున్నాయి. భోజనాలయ్యాక జిల్లాలవారీగా కూర్చుని, మీ ఊళ్ళో ఏ మాట నడవదో కొట్టేసి పక్కన మీ మాట రాయండి. సాయంత్రం అయిదింటికి ఆ ఫారాలు నాకు తిరిగి కావాలి.